విషప్రభావానికి ఆక్సిజన్: ఏ విషానికి ఎంత, ఏ పరికరంతో, ఎక్కడ?

కోవిడ్ రెండో విడత తర్వాత మన ఇళ్లలో ఆక్సిజన్ మాట కొత్త కాదు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ చాలా ఇళ్లలో ఉంది. కాన్సంట్రేటర్ ఎక్కడ అద్దెకు దొరుకుతుందో వీధిలో నలుగురికి తెలుసు. "94 కంటే తగ్గితే ఆస్పత్రికి" అన్న లెక్క పిల్లలకు కూడా వచ్చు. న్యుమోనియాకు ఆ జ్ఞానం అక్కరకు వచ్చింది. కానీ విషవాయువు పీల్చినప్పుడో, పురుగుమందు కడుపులోకి వెళ్లినప్పుడో అదే జ్ఞానం దారి తప్పిస్తుంది. ఆక్సిమీటర్ 99 చూపిస్తున్నా మనిషి ప్రాణాపాయంలో ఉండవచ్చు. ఆక్సిజన్ పెట్టినంత మాత్రాన కావలసినంత అందుతున్నట్లు కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒక గడ్డిమందు విషయంలో ఆక్సిజనే ఊపిరితిత్తులను మరింత త్వరగా పాడుచేస్తుంది.

కాబట్టి ఇక్కడ అసలు ప్రశ్న "ఆక్సిజన్ పెట్టాలా వద్దా" అన్నది కాదు. ఏ విషం, ఎంత శాతం, ఏ పరికరం, ఎంతసేపు, దగ్గరి ఆస్పత్రా దూరపు ఆస్పత్రా అన్నవి. రోగి బంధువులు, చిన్న నర్సింగ్‌హోమ్ నడిపేవారు, ఫ్యాక్టరీలో భద్రత చూసేవారు ఈ ప్రశ్నల దగ్గరే చిక్కుకుంటారు. ఇంట్లో వైద్యం చేసుకోవడానికి కాదు, క్యాజువాలిటీలో సరైన ప్రశ్న అడగడానికి, తప్పుడు ఎంపికలో గంటలు పోగొట్టుకోకుండా ఉండడానికి ఇది రాస్తున్నాను.

## ముందుగా చూడవలసినవి

ఊపిరి అన్నది నాలుగు మజిలీల ప్రయాణం. గాలిలో ఆక్సిజన్ ఉండాలి, అది ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి దిగాలి, రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని మోసుకెళ్లాలి, చివరికి కణం దాన్ని వాడుకోవాలి. ఒక్కో విషం ఒక్కో మజిలీలో దెబ్బకొడుతుంది. పాడుబడిన బావిలో, మురుగుగుంతలో గాలిలోనే ఆక్సిజన్ తగ్గిపోయి ఉండవచ్చు. క్లోరిన్, అమ్మోనియా ఊపిరితిత్తులను కాలుస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్రమిస్తుంది. సయనైడ్ కణం దగ్గరే తలుపు మూసేస్తుంది. ఏ మజిలీ దెబ్బతిన్నదో తెలిస్తే ఆక్సిజన్ ఎంతవరకు పనిచేస్తుందో సగం తేలినట్లే.

రెండోది, పరికరం నిజంగా అందించే శాతం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. సిలిండర్‌లో దాదాపు 100 శాతం ఉన్నా ముక్కుకు చేరేసరికి పక్కనుంచి మామూలు గాలి కలుస్తుంది. ఎంత కలుస్తుందన్నది గొట్టాన్నీ మాస్కునూ బట్టి మారుతుంది.

మూడోది సమయం. నాలుగోది విరుగుడు మందు. విరుగుడు ఉన్న విషానికి ఆక్సిజన్ తోడు మాత్రమే, దాన్ని నమ్ముకుని విరుగుడును ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. అయిదోది ఆక్సిజన్ వల్ల కలిగే నష్టం. నూరు శాతం ఆక్సిజన్‌ను రోజుకు మించి పీలిస్తే ఆరోగ్యమైన ఊపిరితిత్తులకే చేటు. విషాన్ని వెళ్లగొట్టడానికే ఆక్సిజన్ ఎక్కించే కార్బన్ మోనాక్సైడ్ వంటి సందర్భాలు తప్ప, మిగతా చాలావాటిలో 94 నుంచి 98 మధ్య నిలబడేంత ఇస్తే చాలు.

## పరికరాల మధ్య పోలిక

| పరికరం | నిమిషానికి ప్రవాహం | రోగికి అందే ఆక్సిజన్ | విషప్రభావంలో స్థానం |
|---|---|---|---|
| ముక్కు గొట్టాలు (సిలిండర్ లేదా ఇంటి కాన్సంట్రేటర్) | 1 నుంచి 6 లీటర్లు | సుమారు 24–44 శాతం | తేలికపాటి కేసులు, కోలుకునే దశ |
| మామూలు మాస్కు | 5 నుంచి 10 లీటర్లు | సుమారు 35–60 శాతం | మధ్యస్థ ఇబ్బంది, బ్యాగు మాస్కు దొరికేవరకు |
| బ్యాగు ఉన్న మాస్కు (ఎన్‌ఆర్‌బీఎం) | 10 నుంచి 15 లీటర్లు | సుమారు 60–90 శాతం | కార్బన్ మోనాక్సైడ్, సయనైడ్, మంటల పొగ: స్పృహలో ఉంటే మొదటి ఎంపిక |
| హై ఫ్లో ముక్కు గొట్టం | 60 లీటర్ల వరకు | దాదాపు 100 శాతం వరకు | ఊపిరితిత్తులు వాచినవారికి, ఐసీయూలో |
| గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ | యంత్రం నిర్ణయిస్తుంది | 100 శాతం వరకు | స్పృహ లేనివారు, శ్వాస బలహీనపడినవారు |
| హైపర్‌బేరిక్ ఛాంబర్ (పీడనం పెంచిన గది) | 2 నుంచి 3 వాతావరణ పీడనాలు | 100 శాతం, పీడనంతో | తీవ్రమైన కార్బన్ మోనాక్సైడ్‌లో కొందరికి |

ఇంటి కాన్సంట్రేటర్ గురించి ఒక్క మాట. యంత్రం దగ్గర 93 శాతం వరకు ఆక్సిజన్ వస్తుందని దాని మీద రాసి ఉంటుంది, అది నిజమే. కానీ ఎక్కువ యంత్రాలు ఇచ్చేది నిమిషానికి 5 లీటర్లు. ముక్కు గొట్టాల గుండా వెళ్లేసరికి రోగికి అందేది 40 శాతం చుట్టుపక్కలే. కోవిడ్ నుంచి కోలుకుంటున్న తాతగారికి అది చాలు. గీజర్ గ్యాసుతో బాత్రూంలో కుప్పకూలిన మనిషికి చాలదు. "ఇంట్లో ఆక్సిజన్ ఉంది కదా, కాసేపు చూద్దాం" అనుకోవడం ఇక్కడ ప్రమాదకరం.

బ్యాగు మాస్కును కాస్త దగ్గరగా చూడాలి. ఖరీదైన పరికరం కాదు, చిన్న ఆస్పత్రిలో కూడా ఉంటుంది. అయితే దీన్ని తప్పుగా పెట్టడం చాలా చోట్ల కనిపిస్తుంది. మాస్కు కింద వేలాడే ప్లాస్టిక్ సంచిని ముందు ఆక్సిజన్‌తో ఉబ్బేదాకా నింపి, ఆ తర్వాత ముఖానికి తొడగాలి. రోగి ఊపిరి పీల్చినప్పుడు సంచి కొద్దిగా తగ్గాలి కానీ పూర్తిగా నలిగిపోకూడదు. నలిగిపోతోందంటే ప్రవాహం చాలడం లేదని అర్థం, ఫ్లోమీటర్‌లోని బంతి 10 దాటి 15 దాకా లేవాలి. ముక్కు దగ్గర మాస్కు అంచు వదులుగా ఉన్నా, పక్కన ఉండే పలుచటి రబ్బరు మూతలు ఊడిపోయినా అది మామూలు మాస్కుతో సమానమైపోతుంది. మంచం పక్కన నిలబడిన బంధువు కూడా కళ్లతో చూసి చెప్పగలిగిన సంగతి ఇది. సంచి నలిగిపోయి కనిపిస్తే నర్సమ్మను పిలిచి అడగడానికి మొహమాటపడవద్దు.

మామూలు మాస్కు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బ్యాగు మాస్కు ఉన్నచోట కార్బన్ మోనాక్సైడ్ కేసుకు దాన్ని ఎంచుకోవడానికి కారణం కనిపించదు. వెంటిలేటర్ కూడా ఎంపిక అనేకంటే అవసరం. స్పృహ తప్పినవారికి, నురగ గొంతుకు అడ్డుపడేవారికి, పురుగుమందు వల్ల ఛాతీ కండరాలు చచ్చుబడినవారికి మాస్కు ఎంత మంచిదైనా పనిచేయదు. "వెంటిలేటర్ మీద పెడితే ఇక తిరిగిరారు" అన్న భయం కోవిడ్ మిగిల్చింది. పురుగుమందు కేసుల్లో వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉండి ఇంటికి నడిచి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. కండరాలు మళ్లీ పుంజుకునేదాకా ఊపిరి నిలబెట్టడమే అక్కడ దాని పని. ఆ భయంతో సంతకం చేయకుండా ఆలస్యం చేయవద్దని వేడుకుంటున్నాను.

## కార్బన్ మోనాక్సైడ్: ఆక్సిజనే అసలు మందు

మూసిన బాత్రూంలో గ్యాస్ గీజర్, తలుపులు వేసిన షాపులో జనరేటర్, చలికాలంలో గదిలోనో డేరాలోనో బొగ్గుల కుంపటి, ఇంటికి నిప్పంటుకున్నప్పుడు పొగ. వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వాంతి, తల తిరగడం, ఆ తర్వాత స్పృహ తప్పడం. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే తిన్నది పడలేదనుకునే ముందు దీన్ని అనుమానించాలి.

హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే ఈ వాయువు మీద 200 రెట్లకు మించిన మక్కువ. దాన్ని అక్కడి నుంచి తోసేసేది ఆక్సిజనే. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలో దాని మోతాదు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. బ్యాగు మాస్కుతోనో వెంటిలేటర్‌తోనో దాదాపు నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే సుమారు 60 నుంచి 90 నిమిషాలు. హైపర్‌బేరిక్ ఛాంబర్‌లో 20 నిమిషాల పైచిలుకు.

ఇక్కడ ఆక్సిమీటర్‌ను నమ్మవద్దు. అది రెండు రంగుల వెలుతురును వేలిలోంచి పంపి లెక్క కడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ పట్టినదిగానే లెక్కవేస్తుంది. మనిషి మగతలో ఉంటాడు, తెర మీద 98, 99 కనిపిస్తుంటాయి. నిజం తేల్చేది కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష, హిమోగ్లోబిన్‌లో ఎంత శాతాన్ని ఈ వాయువు పట్టిందో అది చెబుతుంది. దానికి రక్తం వీలైనంత తొందరగా తీయాలి, ఆక్సిజన్ పెట్టి నాలుగు గంటలయ్యాక తీస్తే అంకె మామూలుగానే రావచ్చు. అలాగని పరీక్ష కోసం ఆక్సిజన్‌ను ఆపకూడదు.

### పక్కనే ఉన్న ఆస్పత్రా, దూరంలోని ఛాంబరా?

హైపర్‌బేరిక్ ఛాంబర్ అంటే మనిషిని లోపల పడుకోబెట్టి, పీడనం పెంచి, ఆ పీడనంలో నూరు శాతం ఆక్సిజన్ పీల్పించే గది. మామూలు గాలిలో 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో కరిగి ఉండే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లు. మూడు వాతావరణాల పీడనంలో అది సుమారు 6 మిల్లీలీటర్లకు చేరుతుంది. అంటే హిమోగ్లోబిన్ సాయం లేకుండానే కణాలకు కొంతసేపు సరిపోయేంత. వినగానే "ఎలాగైనా అక్కడికే తీసుకెళ్లాలి" అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. ఒకరి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ 40 శాతం ఉందనుకుందాం. బ్యాగు మాస్కు సరిగ్గా పెట్టి, సగానికి తగ్గే సమయం 80 నిమిషాలు అనుకుంటే, నాలుగు గంటల అంబులెన్స్ ప్రయాణం ముగిసేసరికి అది 5 శాతానికి దిగుతుంది. రక్తం శుభ్రం కావడానికి ఛాంబర్ అవసరం అప్పటికే తీరిపోయింది. ఇక మిగిలేది మెదడును కాపాడడం. కొన్ని రోజుల తర్వాత వచ్చే మతిమరుపు, మాట తడబాటు, నడక తూలడం రాకుండా చూడడం.

ఆ మేలు ఉందా? 2002లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ వైద్యులు 152 మంది మీద చేసిన అధ్యయనంలో, 24 గంటల్లో మూడుసార్లు ఛాంబర్ చికిత్స పొందినవారిలో ఆరు వారాల తర్వాత 25 శాతం మందికి, మామూలు ఆక్సిజన్ పొందినవారిలో 46 శాతం మందికి జ్ఞాపకశక్తి, ఆలోచన సంబంధమైన ఇబ్బందులు కనిపించాయి. అంతకు మూడేళ్ల ముందు, 1999లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనం మేలేమీ లేదని చెప్పింది. 2011లో అన్ని అధ్యయనాలనూ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, ప్రయోజనం రుజువైందని చెప్పలేమని తేల్చింది. వైద్యుల్లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి.

నా అభిప్రాయం ఇది. స్పృహ తప్పినవారు, మూర్ఛ వచ్చినవారు, గుండె మీద ప్రభావం పడినవారు, మోతాదు 25 శాతం దాటినవారు, గర్భిణులు ఆ చికిత్స గురించి గట్టిగా అడగదగినవారు. వీలైతే ఆరు గంటల్లోపు, ఆలస్యమైనా 24 గంటల్లోపు. ఛాంబర్ అదే నగరంలో ఉంటే ఆలోచించనక్కరలేదు. వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే, రోగి ఊపిరి, బీపీ నిలకడగా ఉండి, దారి పొడవునా బ్యాగు మాస్కు ఆగకుండా నడిచే ఏర్పాటు ఉంటేనే కదలాలి. సగం దారిలో సిలిండర్ అయిపోతే ఛాంబర్ కోసం చేసిన ప్రయాణమే శాపమవుతుంది. తలనొప్పి, వాంతులతో బయటపడి మామూలుగా మాట్లాడుతున్నవారు దగ్గరి ఆస్పత్రిలోనే ఆరు గంటలు బ్యాగు మాస్కు మీద ఉండడం మేలు.

గర్భిణుల విషయం వేరు. కడుపులో బిడ్డ రక్తంలో ఈ వాయువు తల్లి రక్తంలో కంటే ఎక్కువగా చేరుతుంది, ఆలస్యంగా వదులుతుంది. తల్లికి తేలికైపోయిందని మాస్కు తీసేయకూడదు. తల్లి అంకె మామూలుకు వచ్చాక కూడా చాలాసేపు కొనసాగిస్తారు. ఛాంబర్‌కు హద్దు కూడా వారికి 15–20 శాతమే.

ఛాంబర్ వల్ల చెవి నొప్పి మామూలు, కర్ణభేరికి గాయం కావచ్చు, అరుదుగా మూర్ఛ రావచ్చు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారిని అది తీయకుండా లోపలికి పంపకూడదు. ఇంకో హెచ్చరిక కూడా. నగరాల్లో అందం, ఆరోగ్యం పేరుతో మెత్తటి సంచిలాంటి ఛాంబర్లు నడుపుతున్నారు. వాటి పీడనం 1.3 వాతావరణాల దగ్గర ఆగుతుంది. ప్రకటనలో అదే పేరు ఉన్నా విషప్రభావానికి అవి చికిత్స కావు.

## మిగతా విషాలు: ఆక్సిజన్‌కు ఎంత వాటా?

| విషం | ఆక్సిజన్ | అసలు విరుగుడు |
|---|---|---|
| సయనైడ్, మంటల పొగ | నూరు శాతం, వెంటనే | హైడ్రాక్సోకోబాలమిన్, సోడియం థయోసల్ఫేట్ |
| హైడ్రోజన్ సల్ఫైడ్ | నూరు శాతం, వెంటనే | నమ్మకమైన విరుగుడు లేదు, శ్వాసకు ఆసరానే ఆధారం |
| ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు | అవసరమైనంత | అట్రోపిన్, తోడుగా పామ్ (ప్రాలిడాక్సిమ్) |
| నైట్రోబెంజీన్, అనిలిన్, నైట్రైట్లు | ఇవ్వాలి, కానీ చాలదు | మిథిలీన్ బ్లూ |
| క్లోరిన్, అమ్మోనియా | తేమ కలిపి, అవసరమైనంత | లేదు |
| పారాక్వాట్ గడ్డిమందు | ఇవ్వకూడదు, బాగా పడిపోతే తప్ప | లేదు |

సయనైడ్. పాలియురిథేన్ పరుపులు, నైలాన్, ఉన్ని కాలినప్పుడు కూడా ఇది పుడుతుంది. కాబట్టి మంటల్లో చిక్కినవారిలో కార్బన్ మోనాక్సైడ్, సయనైడ్ రెండూ ఉండవచ్చు. అలాంటివారికి పాత పద్ధతిలో నైట్రైట్ ఇంజెక్షన్ ఇవ్వడం మంచిది కాదు. అది హిమోగ్లోబిన్‌లో మరికొంత భాగాన్ని పనికిరాకుండా చేస్తుంది. హైడ్రాక్సోకోబాలమిన్ పెద్దలకు 5 గ్రాములు నరంలోకి ఇస్తారు. మన దగ్గర చాలా ఆస్పత్రుల్లో అది ఉండదు. సయనైడ్ లవణాలు వాడే ఫ్యాక్టరీ విరుగుడును తానే నిల్వ ఉంచుకోవాలి.

హైడ్రోజన్ సల్ఫైడ్. మురుగు మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకులు, మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల గుంతలు. మొదట కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలకు చేరేసరికి ముక్కు ఆ వాసనను పసిగట్టలేదు. వాసన పోయిందంటే వాయువు పోయిందనుకుని దిగుతారు. 700–1000 భాగాల దగ్గర మనిషి నిలుచున్నచోటే కూలిపోతాడు. ఒకరి కోసం ఒకరు దిగి ముగ్గురు, నలుగురు చనిపోయిన వార్తలు మనం ఇంకా చదువుతూనే ఉన్నాం. 2013 నాటి చట్టం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని నేరమని చెప్పినా ఆ మరణాలు ఆగకపోవడం గుండెను పిండేస్తుంది. ఇక్కడ ఎంపిక ఆక్సిజన్ పరికరాల మధ్య కాదు. వీపున గాలి సిలిండర్ ఉండే శ్వాస ఉపకరణం, నడుముకు తాడు లేకుండా ఎవరూ దిగకూడదు. తడిగుడ్డ, మామూలు మాస్కు, చేతిలో పట్టుకున్న వైద్య ఆక్సిజన్ సిలిండర్ ఇవేవీ దానికి బదులు కావు. పైకి తెచ్చాక మాత్రం నూరు శాతం ఆక్సిజనే ప్రధానమైన ఆసరా. ఊపిరి లేకపోతే నోటితో ఊదకుండా అంబు బ్యాగుతో (చేత్తో నొక్కి ఊపిరి పంపే సంచి) ఇవ్వాలి.

ఆర్గానోఫాస్ఫేట్లు. మన పల్లెల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. కంటిపాప సూదిమొనలా చిన్నదైపోతుంది, నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల నిండా ద్రవం. ఆ ద్రవం ఉన్నంతసేపు ఎంత ఆక్సిజన్ పంపినా లోపలికి దిగదు. దాన్ని ఆరబెట్టేది అట్రోపిన్. "ముందు ఆక్సిజన్ పెట్టాలి, ఆ తర్వాతే అట్రోపిన్, లేకపోతే గుండె ఆగుతుంది" అని పాత పుస్తకాల్లో ఉండేది. ఆ నియమాన్ని ఇప్పుడు పాటించనక్కరలేదు. ఆక్సిజన్ లేని చోట కూడా అట్రోపిన్ మొదలుపెట్టాలి. మొదటి మోతాదు చాలకపోతే అయిదు నిమిషాలకొకసారి రెట్టింపు చేస్తూ, ఛాతీలో గురగుర తగ్గేవరకు, నాడి 80 దాటేవరకు ఇస్తారు. సిలిండర్ లేదన్న కారణంతో పల్లె ఆస్పత్రి ఇంజెక్షన్ ఇవ్వకుండా పట్నానికి పంపేయడం తప్పు ఎంపిక.

నైట్రోబెంజీన్, అనిలిన్. రంగులు, మందుల ఫ్యాక్టరీల్లోనే కాదు, పూత బాగా రావడానికి పైర్ల మీద కొట్టే మందుల్లో కూడా నైట్రోబెంజీన్ ఉంటుంది. పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి, తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది, గాలి తగిలినా ఎరుపెక్కదు. ఆక్సిమీటర్ 85 దగ్గర కదలకుండా నిలబడుతుంది. ఎంత ఆక్సిజన్ పెట్టినా అది పెరగడం లేదంటే మాస్కు మార్చడం కాదు, మిథిలీన్ బ్లూ గురించి ఆలోచించాలి. కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు నరంలోకి నెమ్మదిగా ఇస్తారు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్నవారికి మాత్రం అది రక్తకణాలను విరగ్గొడుతుంది. ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉందని తెలిస్తే ముందే చెప్పాలి.

క్లోరిన్, అమ్మోనియా, పరిశ్రమల ఆవిర్లు. నీటి శుద్ధి కేంద్రాల్లో క్లోరిన్, ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల శీతలీకరణ కేంద్రాల్లో అమ్మోనియా. దుస్తులు తీసేయడం, కళ్లు, ఒళ్లు నీటితో బాగా కడగడం ఆక్సిజన్‌తో పాటే మొదలవ్వాలి. పొడి ఆక్సిజన్ కాలిన గొంతును ఇంకా మండిస్తుంది కాబట్టి తేమ సీసా కలపాలి. ఫాస్‌జీన్ వంటి వాయువులు పీల్చినవారు మొదట బాగానే ఉండి, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి కుప్పకూలవచ్చు. తేలికగా ఉందని ఇంటికి పంపకుండా 24 గంటలు గమనించాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరిని కమ్మినప్పుడు 12 మంది చనిపోయారు. ఆ రసాయనానికి విరుగుడు లేదు. గాలి మార్పు, ఆక్సిజన్, కళ్లూ చర్మమూ కడగడం, ఇవే చికిత్స. అలాంటి రాత్రి అవసరమయ్యేది ఒక పెద్ద ఛాంబర్ కాదు, వందల మందికి ఒకేసారి పెట్టగలిగినన్ని మామూలు మాస్కులు, నిండిన సిలిండర్లు.

## పారాక్వాట్: ఆక్సిజన్ ఆపవలసిన చోటు

ఈ గడ్డిమందు ఊపిరితిత్తుల కణాల్లో పోగుపడుతుంది. అక్కడ ఆక్సిజన్ అణువులకు ఎలక్ట్రాన్‌ను అంటగట్టి వాటిని కణాలను కాల్చే రూపంలోకి మారుస్తుంది. ఆ పని చేసి మళ్లీ మొదటి స్థితికి వచ్చి ఇంకో అణువును పట్టుకుంటుంది. ఆక్సిజన్ ఎంత ఎక్కువ అందితే ఈ చక్రం అంత జోరుగా తిరుగుతుంది. అందుకే ఆక్సిమీటర్ 95 చూపిస్తున్న పారాక్వాట్ రోగికి "జాగ్రత్త కోసం" ముక్కుకు గొట్టం పెట్టకూడదు. సుమారు 90 కంటే కిందికి దిగితేనే, అదీ అవసరమైనంతే ఇస్తారు. కొందరు వైద్యులు ఇంకా తక్కువ దాకా ఆగుతారు.

బంధువులకు ఇది అర్థం కాదు. "మనిషి ఆయాసపడుతుంటే ఆక్సిజన్ కూడా పెట్టరా" అని వార్డులో గొడవ జరుగుతుంది. ఆ కోపం సహజమే. అందుకే ముందే తెలిసి ఉండాలి. మొదటి ఒకటి రెండు రోజులు రోగి స్పృహలో ఉండి బాగానే మాట్లాడతాడు. నోరు పూయడం, మూత్రపిండాలు మందగించడం ఆ తర్వాత, ఊపిరి బిగియడం ఇంకా తర్వాత. పనికొచ్చే సమయం మొదటి కొన్ని గంటలే. కడుపులో మిగిలిన విషాన్ని పట్టుకోవడానికి యాక్టివేటెడ్ చార్‌కోల్, రక్తంలోంచి తీయడానికి హీమోపెర్ఫ్యూజన్, అంటే రక్తాన్ని యంత్రంలోని వడపోత గుండా పంపడం. కాబట్టి పారాక్వాట్ విషయంలో ఆస్పత్రిని ఎంచుకోవడానికి కొలమానం ఆక్సిజన్ పడకల సంఖ్య కాదు, ఆ రాత్రికే హీమోపెర్ఫ్యూజన్ మొదలుపెట్టగలరా అన్నది. పారాక్వాటేనా కాదా అన్న అనుమానం ఉంటే మూత్రంలో సోడియం డైథయోనైట్ కలిపి చూసే తేలిక పరీక్ష ఉంది. మూత్రం నీలంగా మారితే విషం ఉన్నట్లే.

చివరి దశలో ఊపిరాడక బాధపడుతున్న మనిషికి ఉపశమనం కోసం ఆక్సిజన్ ఇస్తారు, ఇవ్వాలి కూడా. అప్పుడు లెక్కలు మారిపోతాయి. చనిపోవాలన్న ఆలోచనలతో ఇంట్లో ఎవరైనా నలిగిపోతుంటే 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు.

## మీరు ఎవరైతే, మీకు ఏది

పల్లెలోని కుటుంబానికి: కాన్సంట్రేటర్ వెతకడం కంటే 108కి ఫోన్ చేయడం ముందు. మందు డబ్బా, కనీసం దాని మీది కాగితమైనా వెంట తీసుకెళ్లండి. పారాక్వాటా, మరో మందా అన్న ఒక్క సమాచారమే ఆక్సిజన్ పెట్టాలా ఆపాలా అన్నది తేలుస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, వైద్యులు కూడా అక్కడ సలహా తీసుకుంటారు.

చిన్న నర్సింగ్‌హోమ్‌కు: సిలిండర్ లెక్క ముందే వేసుకోండి. చిన్న బీ రకం సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటాయి, బ్యాగు మాస్కుకు నిమిషానికి 15 లీటర్ల చొప్పున 100 నిమిషాల్లో ఖాళీ. జంబో సిలిండర్‌లో సుమారు 7000 లీటర్లు, ఎనిమిది గంటలకు కాస్త తక్కువ. ఒక కార్బన్ మోనాక్సైడ్ రోగిని ఆరు గంటలు ఉంచడానికి 5400 లీటర్లు కావాలి. ఒక కుటుంబం నుంచి నలుగురు వస్తే ఎన్ని కావాలో అక్కడే తెలుస్తుంది. ఛాంబర్ ఉన్న ఆస్పత్రి ఫోన్ నంబరు, మిథిలీన్ బ్లూ, చాలినంత అట్రోపిన్ ఉంచుకోవడం ఖరీదైన పరికరాల కంటే ముందు.

ఫ్యాక్టరీలో భద్రత చూసేవారికి: మీ గోడల మధ్య ఏ రసాయనం ఉందో దాన్ని బట్టే కొనుగోలు. హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టేచోట వాయువును కొలిచే పరికరం, శ్వాస ఉపకరణం ముందు, వైద్య ఆక్సిజన్ తర్వాత. మంటలంటుకునే ద్రావకాలున్న చోట ఆక్సిజన్ తెరవకండి, ముందు మనిషిని బయటికి తేవాలి.

విదేశాల్లో చదువుకునే పిల్లలున్న తల్లిదండ్రులకు: చలి దేశాల్లో నేలమాళిగల్లోని హీటర్లు, గ్యారేజీలో నడుస్తున్న కారు కార్బన్ మోనాక్సైడ్‌కు పుట్టిళ్లు. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో అడగండి. అలారం మోగితే కిటికీ తీసి పడుకోవడం కాదు, బయటికి వెళ్లి అత్యవసర నంబరుకు ఫోన్ చేయమనండి.

ఆయాసం వ్యాధి ఉన్నవారికి: దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బున్నవారికి మామూలుగా 88–92 మధ్యే ఉంచాలంటారు. కార్బన్ మోనాక్సైడ్ తగిలినప్పుడు ఆ హద్దు పక్కన పెట్టి నూరు శాతం ఇస్తారు, ఊపిరిని దగ్గరుండి గమనిస్తూ. సయనైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి నూరు శాతం కావలసినవాటిలోనూ అంతే, మిగతా విషాల్లో పాత హద్దే.

ఇంటికి పంపుతున్నప్పుడు అందరికీ: కార్బన్ మోనాక్సైడ్ నుంచి బయటపడినవారికి 2 నుంచి 40 రోజుల మధ్య ఎప్పుడైనా మతిమరుపు, విసుగు, మాట తడబడడం, నడకలో తేడా రావచ్చు. డిశ్చార్జి కాగితం మీద ఈ మాట రాయించుకోండి. పనికి వెళ్లే తేదీ, బండి నడిపే తేదీ కూడా అదే కాగితం మీద డాక్టరుతో రాయించండి. అలాంటి మార్పు ఒక్కటి కనిపించినా అదే కాగితం పట్టుకుని వైద్యుడి దగ్గరికి తిరిగి వెళ్లాలి. ఆ గీజర్‌ను, జనరేటర్‌ను సరిచేయకుండా ఆ ఇంట్లో మళ్లీ వాడకూడదు.